ఆర్ఎక్స్ 100 ముందు షాక్‌లు: డిస్క్ ఫోర్కు వేసే ముందు ఉన్నవాటిని బాగుచేయించండి

మీరు అడిగింది ఇదీ: మీ నాన్నగారి 1993 మోడల్ ఆర్ఎక్స్ 100కు బ్రేక్ పట్టగానే ముందు భాగం దిగబడిపోతోంది, గుంటలో పడితే టక్కుమంటోంది, ఎడమ షాక్ నుంచి ఆయిల్ కారుతోంది. మెకానిక్ ఏమో ఇవన్నీ తీసేసి కొత్త బండి డిస్క్ ఫోర్కు, అంటే డిస్క్ బ్రేకుతో వచ్చే ముందు షాక్‌ల జత, మొత్తం ఎక్కించేద్దాం అంటున్నాడు, ఎక్కించుకోవాలా వద్దా అని.

ఇప్పుడే వద్దు. ముందు ఆ షాక్‌లను యమహా వాళ్లు ఇచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలా చేయించండి. ఆ తర్వాత కూడా చాలకపోతే అప్పుడు ఆలోచిద్దాం. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా నాన్న బండి, 1994ది, అచ్చం ఇవే జబ్బులతో నా చేతికి రావడం. విజయవాడలో ఒక మెకానిక్ దగ్గర మూడుసార్లు ఆయిల్ సీళ్లు, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు, మార్పించాను, మూడుసార్లూ రెండు నెలల్లోపే మళ్లీ కారింది. మూడోసారి ఆయన "గట్టిగా ఉంటుంది" అని ఫోర్కులో 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్, అదీ కొలత లేకుండా పోశాడు. తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర కూర్చుని నేనే విప్పాను. ఆయన చేయి పట్టి చూపించినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏది పాడైందో తేల్చుకోండి, ఎందుకంటే మీరు చెప్పిన మూడు లక్షణాలూ మూడు వేర్వేరు చోట్ల నుంచి రావచ్చు. బండిని సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లో ఉండేలా ఎవరినైనా వెనక కూర్చోబెట్టండి. షాక్‌ల కింది భాగాన్ని, అంటే బాటమ్‌లను, రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూడండి. మెడ దగ్గర కదలిక కనిపిస్తే బాల్ రేసర్, అంటే హ్యాండిల్ తిరిగే గోళీల బేరింగ్, వదులైనట్టు. బాటమ్‌లోకి దూరే క్రోమ్ పైపుకీ బాటమ్‌కీ మధ్య కదిలితే అక్కడ అరుగుదల ఉన్నట్టు. హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి, సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగుతుంటే రేసర్ కప్పుల్లో గుంటలు పడ్డాయి, ఎంత బిగించినా లాభం లేదు, సెట్ మార్చాల్సిందే. మెకానిక్‌లు కూడా చాలామంది చూడనిది ఇంకొకటుంది. డ్రమ్ బ్రేక్ ప్లేటుకు ఒక గాడి ఉంటుంది, బాటమ్ మీదున్న ముక్కు అందులో కూర్చుంటుంది. ఆ గాడి అరిగితే బ్రేక్ పట్టిన ప్రతిసారీ టక్కుమంటుంది, అందరూ షాక్ పోయిందనుకుంటారు. నా బండిలో ఆ శబ్దంలో సగం అక్కడి నుంచే.

ఆయిల్ కారడం విషయానికొస్తే, సీలు ఊరికే పోదు, పైపు దాన్ని తినేస్తుంది. పైపును గుడ్డతో శుభ్రంగా తుడిచి, సీలు తిరిగే మేర బొటనవేలి గోరుతో పైనుంచి కిందికి గీసుకుంటూ రండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ క్రోమ్ లేచి తుప్పు గుంట పడినట్టే. మీరు ఎంత ఖరీదైన సీలు వేసినా ఆ గుంట అంచు దాని పెదవిని కోసేస్తుంది. నా మూడు జతల సీళ్లు అలాగే పోయాయి. ఒక్కసారి కూడా ఎవరూ పైపు మీద వేలు పెట్టి చూడలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ. గుంటలు రెండు పైపులనూ కలిపి పట్టుకునే టీ బిగింపు దగ్గర, సీలు ఎప్పుడూ చేరని మేర ఉంటే పట్టించుకోనక్కర్లేదు. సీలు దారిలో ఉంటే రెండే మార్గాలు: కొత్త పైపులు, లేదా పాతవి గ్రైండ్ చేసి హార్డ్ క్రోమ్ పూత వేయించి మళ్లీ అసలు సైజుకు గ్రైండ్ చేయించడం. ఒకటి రెండు సన్నటి చుక్కలైతే ఎపాక్సీ నింపి 1000, తర్వాత 2000 నంబరు నీటి ఎమెరీతో సాఫు చేస్తే కొన్నాళ్లు ఆగుతుంది, అంతవరకే. బయట దొరికే చవక పైపులు కొనేముందు కాలిపర్‌తో కింద, మధ్యలో, పైన మూడుచోట్ల కొలవండి, అసలు పైపు పక్కన పెట్టి చూడండి.

విప్పేటప్పుడు వరుస ముఖ్యం. షాక్‌లు బండి మీద ఉండగానే పై టీ బోల్టు వదులు చేసి, తర్వాత పైపు మీది మూత బోల్టును కొంచెం కదిలించి పెట్టుకోండి, బయటికి తీశాక దాన్ని పట్టుకుని తిప్పడం నరకం. కింద బాటమ్ అడుగున ఉండే బోల్టును కూడా స్ప్రింగ్ లోపల ఒత్తిడిలో ఉన్నప్పుడే వదులు చేయాలి, లేకపోతే లోపలి డాంపర్ రాడ్ దానితోపాటే గిర్రున తిరుగుతుంది. ఆ బోల్టు కింద ఉండే వాషర్ కొత్తది వేయండి, కింద నుంచి చెమ్మలా కారేది దాని వల్లే. సీలు పీకేటప్పుడు బాటమ్ అంచు మీద గుడ్డ మడిచి పెట్టి లీవర్ వేయండి, అల్యూమినియం మెత్తన, గీత పడితే కొత్త సీలు కూడా కారుతుంది. నా దాంట్లోంచి వచ్చిన ఆయిల్ బూడిద రంగులో వెండిపొడి కలిపినట్టుంది. అన్నీ కిరోసిన్‌తో కడిగి గాలి కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. పైపును చదునైన గాజు మీద దొర్లిస్తే వంకర కంటికే తెలుస్తుంది. కొద్ది వంకరను ప్రెస్ మీద తీయగలరు, కానీ ఎక్కడైనా మడత పడి నొక్కుకుపోయి ఉంటే ఆ పైపును ఎవరెంత చెప్పినా మళ్లీ వాడొద్దు.

ఆయిల్ దగ్గరే నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ "దిగబడిపోవడం" చాలావరకు ఇక్కడే ఉంది. మన ఫోర్కు లోపల పెద్ద వాల్వులేమీ లేవు, ఒక రాడ్‌కు కొన్ని రంధ్రాలు, అంతే. ఆయిల్ వాటిలోంచి దూరడంలో పుట్టే నిరోధమే షాక్ ఊపును అణుస్తుంది, దాన్నే డాంపింగ్ అంటారు. రంధ్రంలోంచి ఆయిల్ రెండింతల వేగంతో వెళ్లాల్సివస్తే నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే ఈ రకం ఫోర్కు బ్రేక్ పట్టినప్పుడు, అంటే మెల్లగా దిగేటప్పుడు, మెత్తగా ఉంటుంది, పదునైన గుంటలో పడ్డప్పుడు మాత్రం కర్రలా బిగుసుకుంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే మొదటిది కాస్త బాగుపడి రెండోది బాగా చెడుతుంది. 20డబ్ల్యూ-50లో 20ని చూసి ఫోర్క్ ఆయిల్ 20డబ్ల్యూ లాంటిదే కదా అనుకుంటారు, అది చలిలో ఇంజన్ ఆయిల్‌కు ఇచ్చే రేటింగ్, రెండూ ఒకే కొలబద్ద కాదు. మామూలు వేడిలో ఆ ఇంజన్ ఆయిల్ 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ కన్నా నాలుగైదు రెట్లు చిక్కగా ఉంటుంది. నేను అది పోయించుకుని నూజివీడు రోడ్డు మీద తిరిగిన రోజుల్లో మణికట్లు వాచిపోయేవి. ఫోర్క్ ఆయిళ్లలో కూడా ఒక కంపెనీ 10డబ్ల్యూ, ఇంకో కంపెనీ 10డబ్ల్యూ ఒకటి కావు, డబ్బా మీద 40 డిగ్రీల దగ్గర స్నిగ్ధత, అంటే చిక్కదనం, అంకె ఇస్తే దాన్నే పోల్చండి. మామూలుగా 10డబ్ల్యూతో మొదలుపెట్టండి, బండి గుంట దాటాక ఊగుతూనే ఉంటే అప్పుడు 15కు వెళ్లండి.

ఎంత పోయాలన్నది ఇంకా ముఖ్యం. మాన్యువల్‌లో ఉన్న కొలత పోయండి, రెండు షాక్‌లలో సమానంగా. పోశాక పైపును పది పదిహేను సార్లు కిందికీ పైకీ ఆడించి గాలి బుడగలు పోనివ్వండి. తర్వాత స్ప్రింగ్ లేకుండా పైపును పూర్తిగా కిందికి దించి, పై అంచు నుంచి ఆయిల్ ఎంత లోతులో ఉందో స్కేలుతో కొలవండి, రెండింట్లోనూ ఆ లోతు ఒకటే ఉండాలి. ఎక్కువుంటే సిరంజికి సన్నటి ట్యూబ్ పెట్టి లాగేయొచ్చు. ఆయిల్ పైనున్న ఆ ఖాళీ వృథా జాగా కాదు, అందులోని గాలి నొక్కుకుపోతూ రెండో స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. ఖాళీ తగ్గించిన కొద్దీ చివరి భాగంలో షాక్ గట్టిపడుతుంది, మరీ తగ్గిస్తే లోపలి ఒత్తిడికి సీలు తన్నుకొస్తుంది. నా మూడో జత సీళ్లకు ఈ దెబ్బ కూడా తోడైంది.

ఇక అప్‌గ్రేడ్. మీరు అడిగిన దానికి నిజమైన జవాబు స్ప్రింగులో ఉంది. ఒక షాక్ పైపుకు జిప్ టై సీలు మీద ఆనేలా కట్టి, మీరు మామూలుగా కూర్చునే తీరులో ఎక్కి, మెల్లగా దిగి చూడండి. షాక్ దిగగల మొత్తం దూరంలో పావు నుంచి మూడో వంతు దిగితే సరే. నా బరువు 82 కిలోలు, నేనెక్కితే దాదాపు సగం దిగింది, ఇక బ్రేక్ పట్టినప్పుడు మిగిలేదేముంది? మూత కింద 10 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క పెట్టడం మొదటి మెట్టు, అది బండిని పైకి లేపుతుందే గానీ స్ప్రింగును గట్టిపరచదు. నిజంగా గట్టిపడాలంటే కాస్త ఎక్కువ గట్టిగా ఉన్న స్ప్రింగులు వేయాలి, లేదా పాతవాటి చుట్లు కొన్ని కోసి ఆ ఖాళీని స్పేసర్‌తో పూడ్చాలి. పదిలో ఒక వంతు చుట్లు తీస్తే సుమారు 11 శాతం గట్టిపడుతుంది. కటింగ్ వీల్‌తో, నీళ్లు పోస్తూ కోయించండి, గ్యాస్ మంట మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, వేడికి స్ప్రింగు గట్టిదనం పోతుంది. చుట్లు పూర్తిగా ఒకదాన్నొకటి తాకేలోపే షాక్ అడుగుకు చేరుతోందా లేదా కూడా చూడాలి. నేను కోయించాను, కొద్దిగానే. ఇప్పుడు మూడో వంతు దగ్గర ఆగుతోంది, బ్రేక్ పట్టినా బండి ముక్కు నేలకు పోవట్లేదు.

పెద్ద బండ్ల పాత ఫోర్కులకైతే రేస్ టెక్ లాంటి అమెరికా కంపెనీలు ఎమ్యులేటర్లని, డాంపర్ రాడ్ మీద కూర్చునే చిన్న వాల్వులు, చేస్తాయి, నేను చెప్పిన ఆ వేగం సమస్యకు అవే అసలు మందు. మన సన్నటి ఫోర్కుకు ఆ దారి పట్టొద్దు.

డిస్క్ ఫోర్కు విషయం. కాండం (మెడలోకి దూరే కడ్డీ) పొడవు, రేసర్ సైజు, ఫోర్కు పొడవు, టీ ఆఫ్‌సెట్ (కాండం నుంచి పైపులు ఎంత ముందుకున్నాయో ఆ దూరం) అన్నీ మారతాయి, దాంతో ట్రెయిల్ (కాండం గీత నేలను తాకే చోటికీ చక్రం నేలను తాకే చోటికీ మధ్య దూరం) మారి బండి తిరిగే తీరే మారిపోతుంది. ఆ లెక్క తెలిసినవాళ్లు చేస్తే బాగానే ఉంటుంది, నేను తోలి చూశాను. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల మీద ఆంక్షలు పెడుతుంది, పైగా మీ బండి 15 ఏళ్లు దాటింది, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఐదేళ్లకోసారి చూపించాల్సిందే. మంచి షూలు, కొత్త కేబుల్, డ్రమ్ లోపల సాఫు చేయిస్తే ఆ బరువుకు డ్రమ్ చాలు.

బిగించేటప్పుడు బాల్ రేసర్ గోళీలు విడివిడిగా జారిపడతాయి, కింద గుడ్డ పరిచి విప్పండి, పైవెన్ని కిందివెన్ని లెక్క రాసుకోండి. బిగువు సరిగ్గా ఉంటే హ్యాండిల్‌ను మధ్య నుంచి వేలితో తాకితే దానంతటదే పక్కకు పడుతుంది, కానీ బాటమ్ పట్టుకు లాగితే కదలదు. చక్రం ఎక్కించాక యాక్సిల్ పూర్తిగా బిగించే ముందు ముందు బ్రేక్ పట్టి షాక్‌లను నాలుగుసార్లు గట్టిగా ఆడించండి, రెండు షాక్‌లూ వరసకు వస్తాయి. అన్నిటికన్నా ముందు, నేను చెప్పిన ఆ బ్రేక్ ప్లేటు గాడిలో ముక్కు కూర్చుందో లేదో కళ్లతో చూడండి, చేత్తో తాకి చూడండి. కూర్చోకపోతే బ్రేక్ పట్టిన క్షణంలో ప్లేటు చక్రంతో తిరిగి, కేబుల్‌ను చుట్టేసి చక్రం లాక్ అవుతుంది, మనిషి ఎగిరి పడతాడు. ఇది మాత్రం మెకానిక్ చేసినా మీరే చూసుకోండి.

ముందు ఆ గోరు పరీక్ష చేసి, గుంటలు పైపులో ఏ ఎత్తున ఉన్నాయో చెప్పండి. క్రోమ్ పూత వేయించాలా, కొత్త పైపులు కొనాలా అన్నది దాన్ని బట్టి చెబుతాను.