వాన లెక్కల ప్రోగ్రాంతో కుస్తీ పడుతున్న మేనకోడలికి

చిట్టితల్లికి,

అత్త ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మూడు రోజులుగా ప్రోగ్రాం లేవడం లేదన్నావు. మీ ల్యాబ్‌లో సీనియర్ ఇచ్చి వెళ్లిన ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాం ఆయన దగ్గర నడిచింది కాబట్టి తప్పు నీదే అయి ఉంటుందన్నావు. నువ్వు పంపిన ఫొటోను పొద్దున్నే పెద్దది చేసి చూశాను. తప్పు నీది కాదు. ఇవన్నీ ఫోనులో చెబితే చెవిన పడతాయి గానీ చేతికి రావు. అందుకే రాస్తున్నాను, కంప్యూటర్ పక్కన పెట్టుకుని చదువు.

ముందు ఆ ఫొటో సంగతి. తెర నిండా ఎర్రర్లు ఉన్నా అన్నీ చెబుతున్నది ఒకే మాట: అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్. ఆ మాట అంటున్నది ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ కాదు, ఆ ముక్కలకు లైబ్రరీలను (ముందే రాసి ఉంచిన ఫంక్షన్ల కట్టలను) కలిపే లింకర్. అంటే నీ ప్రోగ్రాంలో భాషాదోషం లేదు, కంపైలర్ దాన్ని చదివి ఒప్పుకుంది. ఫైల్ తెరవడానికీ అంకెలు చదవడానికీ నువ్వు పిలిచిన ఫంక్షన్లు ఏ లైబ్రరీలో ఉన్నాయో లింకర్‌కు దొరకలేదు, అంతే. నువ్వేమో మూడు రోజులూ ప్రోగ్రాంలో వరుసలు మారుస్తూ కూర్చున్నావు. తలనొప్పికి మోకాలికి మందు రాస్తే ఎలా తగ్గుతుందమ్మా?

ప్రోగ్రాంను ఎలా కట్టాలో రాసి ఉండే ఫైల్, అదే నీ మేక్‌ఫైల్, దాని చివరి వరుస చూడు. అక్కడ నెట్‌సీడీఎఫ్ అన్న ఒక్క లైబ్రరీ పేరే ఉంది, నీ వాన డేటా ఫైళ్లను తెరిచి చదివేది అదే. దాని పాత 3.6 వెర్షన్ రోజుల్లో ఫోర్‌ట్రాన్ ఫంక్షన్లు కూడా మామూలుగా ఆ ఒక్క లైబ్రరీలోనే కలిసి ఉండేవి. మీ సీనియర్‌కు ఆ మేక్‌ఫైల్ ఇచ్చినవారు ఆ కాలం వారై ఉంటారు. 4.2 నుంచి ఫోర్‌ట్రాన్ భాగాన్ని పూర్తిగా విడి ప్యాకేజీ చేశారు. దాని పేరు నెట్‌సీడీఎఫ్‌ఎఫ్, చివర రెండు ఎఫ్‌లు. రెండో ఎఫ్ కంటికి ఆనదు, అచ్చుతప్పు అనుకుని కొట్టేసేవాళ్లను కూడా చూశాను. నీకు కావలసిన ఫంక్షన్లన్నీ ఆ రెండో ఎఫ్ వెనకే ఉన్నాయి.

పేరు చేర్చితే చాలదు, వరుస కూడా ముఖ్యం. లింకర్ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. పచారీ కొట్టుకు చీటీ పట్టుకుని వెళ్లినట్టే: చీటీలో రాసి ఉన్న సరుకే తెస్తుంది, రాయకముందే కొట్టు దాటిపోతే మళ్లీ వెనక్కి రాదు. ముందు నీ ప్రోగ్రాం ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలర్ మార్చి ఇచ్చిన ముక్కలు), తర్వాత నెట్‌సీడీఎఫ్‌ఎఫ్, దాని తర్వాత నెట్‌సీడీఎఫ్. స్టాటిక్ లైబ్రరీలతో (ప్రోగ్రాంలోనే కలిసిపోయే రకంతో) కడుతుంటే ఇంకా తర్వాత హెచ్‌డీఎఫ్5 హెచ్ఎల్, హెచ్‌డీఎఫ్5, జడ్. ఎవరికి ఎవరు కావాలో వాళ్లు వెనక నిలబడాలి. 2008లో వచ్చిన నెట్‌సీడీఎఫ్-4 తన కొత్త రకం ఫైళ్లను హెచ్‌డీఎఫ్5 అనే ఇంకో ఫైల్ రూపం మీదే కట్టుకుంది, అందుకే ఈ బంధువులందరూ నీ ఇంటికి వస్తున్నారు.

ఈ వరుసను చేత్తో రాయకు. ఎన్ఎఫ్-కాన్ఫిగ్ అని ఒక చిన్న ఆజ్ఞ లైబ్రరీతోపాటే వస్తుంది. ఆల్ అన్న ఆప్షన్‌తో నడిపితే తనను ఏ కంపైలర్‌తో కట్టారో, హెడర్లు, మాడ్యూల్ ఫైళ్లు (లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో కంపైలర్‌కు చెప్పేవి) ఎక్కడున్నాయో, లింకు వరుస ఏమిటో అన్నీ అదే చెబుతుంది. మేక్‌ఫైల్‌లో దాన్నే పిలువు. అయితే ఒక జాగ్రత్త. ప్యాకేజీలను తనే తెచ్చి పెట్టే కాండా నీ కంప్యూటర్‌లో ఉందని చెప్పావు. కాండా తన డైరెక్టరీని పాత్‌లో (ఆజ్ఞలను వెతికే చోట్ల జాబితాలో) ముందు పెట్టుకుంటుంది కాబట్టి నువ్వు పిలిచింది సిస్టం లైబ్రరీని, పలికింది కాండాలోని లైబ్రరీ కావచ్చు. విచ్ అని కొట్టి ఎన్ఎఫ్-కాన్ఫిగ్ పేరు ఇచ్చి, పలుకుతున్నది ఎవరో చూసుకో. హెడర్లు ఒక చోటివి, లైబ్రరీలు ఇంకో చోటివి అయితే హెచ్‌డీఎఫ్5 నడిచేటప్పుడు వెర్షన్లు కలవలేదని పెద్ద హెచ్చరిక ఇచ్చి ఆగిపోతుంది. ఆ తనిఖీని ఆపేసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటుంది, అది పెట్టుకోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దయచేసి వినకు. కుక్క మొరుగుతోందని కుక్కను కట్టేస్తే దొంగ వెళ్లిపోడు.

కంపైలర్ల జాతకాలు కూడా కలవాలి. ఫోర్‌ట్రాన్ మాడ్యూల్ ఫైల్‌ను ఒక కంపైలర్ రాస్తే ఇంకో కంపైలర్ చదవలేదు. ఇంటెల్ కంపైలర్‌తో కట్టిన లైబ్రరీ మాడ్యూల్ జీఫోర్‌ట్రాన్‌కు పనికిరాదు. జీఫోర్‌ట్రాన్‌లోనే చాలా పాతదానికీ కొత్తదానికీ ఒక్కోసారి పొసగదు. మాడ్యూల్ ఫైల్ దొరకలేదనో, చదవలేకపోయాననో ఎర్రర్ వస్తే అది లింకర్ దాకా వెళ్లకముందే, కంపైలర్ దగ్గరే ఆగిందని అర్థం. అప్పుడు లైబ్రరీల వరుసతో తంటాలు పడకు. చూడవలసింది ఆ ఫైల్ ఉన్న డైరెక్టరీ, దాన్ని రాసిన కంపైలర్.

ఇప్పుడు నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్న ఒక పని చెబుతాను. కొత్త కంప్యూటర్ దగ్గర కూర్చున్నా, కొత్త సర్వర్‌లోకి వెళ్లినా, ముందుగా అసలు ప్రోగ్రాంను ముట్టుకోను. పది వరుసల చిన్న ప్రోగ్రాం రాస్తాను. అది ఏ ఫైలూ తెరవదు. లైబ్రరీని నీ వెర్షన్ ఏమిటని అడిగి, జవాబును తెరమీద చూపిస్తుంది. దానికి ఎన్ఎఫ్90 ఇంక్ లిబ్‌వెర్స్ అనే ఫంక్షన్ ఉంది. ఆ చిన్నది కంపైల్ అయితే మాడ్యూల్ ఫైల్ సరిగ్గా ఉన్నట్టు, లింక్ అయితే వరుస సరిగ్గా ఉన్నట్టు, వెర్షన్ పలికితే నడిచేటప్పుడు లైబ్రరీ దొరుకుతున్నట్టు. ఆ తర్వాత పెద్ద ప్రోగ్రాం ఆగిందంటే తగువు వేరే చోట ఉంది. ఐదు వేల వరుసల మధ్య తప్పు వెతకడం కంటే పది వరుసల్లో వెతకడం ఎంత తేలికో ఒక్కసారి చేస్తే తెలుస్తుంది. ఇవాళే చేసి చూడు.

లింక్ అయ్యాక కూడా, నడపబోతే ఫలానా షేర్డ్ లైబ్రరీ (నడిచేటప్పుడు వెతికి కలుపుకునే రకం) తెరవలేకపోయానని ఆగవచ్చు. ఎల్‌డీడీ అని కొట్టి నీ ప్రోగ్రాం పేరు ఇస్తే ఏది ఎక్కడ దొరికిందో, ఏది దొరకలేదో చూపిస్తుంది. దారి చెప్పడానికి ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది గానీ, నేను లింక్ చేసేటప్పుడే ఆర్‌పాత్‌తో దారిని ప్రోగ్రాంలో రాసేస్తాను. పెద్ద సర్వర్‌లో జాబ్ వేసేటప్పుడు నీ తెరమీద లోడ్ చేసుకున్న మాడ్యూళ్లను (ఇవి ఫోర్‌ట్రాన్ మాడ్యూల్ ఫైళ్లు కావు, సర్వర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను అందుబాటులోకి తెచ్చేవి) జాబ్ స్క్రిప్ట్‌లో కూడా లోడ్ చెయ్యి. ఆరో నంబరు లైబ్రరీ అడుగుతుంటే ఏడో నంబరు ఫైల్‌కు ఆ పేరుతో లింకు పెట్టి మభ్యపెట్టే చిట్కా మాత్రం ఎప్పుడూ చేయకు. నడిచినట్టే ఉంటుంది, ఎక్కడ ఏ అంకె చెడిందో తెలియదు.

ఇంత తంటా ఎందుకు, సాదా బైనరీ ఫైల్ చదువుకుంటే పోదా అని నిన్న విసుగ్గా అన్నావు. అడగవలసిన ప్రశ్నే. నువ్వు వాడుతున్న భారత వాతావరణ శాఖ వాన డేటానే తీసుకో. పుణె నుంచి వచ్చే ఆ రోజువారీ డేటా 1901 నుంచి ఉంది. పావు డిగ్రీ గళ్లు, తూర్పు రేఖాంశం 66.5 నుంచి 100 దాకా 135, ఉత్తర అక్షాంశం 6.5 నుంచి 38.5 దాకా 129. బైనరీ రూపంలో ఒక మామూలు సంవత్సరం ఫైల్ సరిగ్గా 2,54,25,900 బైట్లు: 135, 129, 365, ఒక్కో అంకెకు 4 బైట్లు, గుణించి చూసుకో. అందులో అంకెలు తప్ప ఇంకేమీ లేవు. ఏది రేఖాంశమో, కొలత మిల్లీమీటర్లో సెంటీమీటర్లో, కొలవని చోట ఏ అంకె పెట్టారో ఆ ఫైల్ చెప్పదు. 135, 129 తారుమారు చేసి చదివినా మారుమాట లేకుండా చదవనిస్తుంది. అదే నెట్‌సీడీఎఫ్ ఫైల్‌లో ఆ తారుమారు చేస్తే హద్దు దాటావని లైబ్రరీ ఎర్రర్ ఇస్తుంది. పేర్లు, కొలతలు, తేదీలు అన్నీ ఫైల్‌లోనే ఉంటాయి. ఈ కష్టం దానికోసం.

ఆ పేర్లు చూడటానికి ఎన్‌సీడంప్ అనే ఆజ్ఞ ఉంది. హెచ్ ఆప్షన్‌తో తలభాగం మాత్రం చూపిస్తుంది. ప్రోగ్రాం రాయకముందు ఆ తలభాగాన్ని ఒక కాగితం మీద రాసుకో. ఫోర్‌ట్రాన్‌కు చిన్న అక్షరాలూ పెద్ద అక్షరాలూ ఒకటే గానీ, ఫైల్‌లోని వేరియబుల్ పేర్లకు కాదు. ఇంకో సంగతి, ఎన్‌సీడంప్ కాలం, అక్షాంశం, రేఖాంశం అన్న వరుసలో చూపిస్తుంది. అదే శ్రేణి ఫోర్‌ట్రాన్‌లో రేఖాంశం, అక్షాంశం, కాలం అవుతుంది.

ఈ తిరగేసిన వరుస దగ్గరే నేను ఒక నెల పోగొట్టుకున్నాను, తల్లీ. హైదరాబాద్‌కు దగ్గరి గడి 78.5 తూర్పు, 17.5 ఉత్తరం. లెక్క వేస్తే రేఖాంశంలో 49వది, అక్షాంశంలో 45వది. నేను 45, 49 అని రాశాను. రెండూ హద్దుల్లోనే ఉన్నాయి కాబట్టి లైబ్రరీ ఏమీ అనలేదు. ప్రోగ్రాం చక్కగా నడిచింది. వచ్చిన వాన నమ్మదగినట్టే ఉంది, ఎందుకంటే అదీ దక్కన్ వానే. నేను చదువుతున్నది 77.5 తూర్పు, 18.5 ఉత్తరం, అంటే నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్ పరిసరాలు. ఆ వానతో పట్టికలు వేసి, గ్రాఫులు గీసి, పైవాళ్లకు చూపించే రోజు దాకా వచ్చాను. చివరికి 2020 అక్టోబరు దగ్గర ఆగాను. 13వ తేదీ ఉదయం తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది, ఆ రాత్రి హైదరాబాద్ కాలనీలు నీట మునిగాయి. మా వీధిలో నీళ్లు గేటు దాటి లోపలికి వచ్చిన రాత్రి నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. పట్టికలోని అంకెకూ ఆ రాత్రికీ పొంతనే లేదు. అప్పుడు వెతికితే దొరికింది ఆ 45, 49.

కాబట్టి నీ ప్రోగ్రాం నడిచిన రోజున సంబరపడి పడుకోకు. 2020 ఫైల్ తెరిచి 49, 45, 288 దగ్గరి అంకె చూడు. 288వ రోజు అక్టోబరు 14. ఆ తేదీ కింద ఉండేది 13వ తేదీ ఉదయం ఎనిమిదిన్నర నుంచి 14న ఎనిమిదిన్నర దాకా పడిన వాన. అది చిన్న అంకె అయితే ఎక్కడో తప్పు జరిగింది. వచ్చినది మైనస్ 999 అయితే అది వాన కాదు, అక్కడ డేటా లేదని గుర్తు. సగటు వేసేటప్పుడు దాన్ని తీసేయకపోతే సగటంతా పాడవుతుంది.

రేపు ఉష్ణోగ్రతలు తీసుకుంటే ఇంకో చిక్కు వస్తుంది. కొన్ని ఫైళ్లలో చోటు కలిసివస్తుందని అంకెలను చిన్న పూర్ణాంకాలుగా కుదించి పెడతారు. అసలు విలువ రావాలంటే స్కేల్ ఫ్యాక్టర్‌తో గుణించి, ఆడ్ ఆఫ్‌సెట్ కలపాలి. పైథాన్‌లోని నెట్‌సీడీఎఫ్4 ఆ పని దానంతట అదే చేస్తుంది. ఫోర్‌ట్రాన్‌లో నువ్వే చేయాలి. పక్క సీటు అబ్బాయి అంకెలకూ నీ అంకెలకూ తేడా వస్తే ముందు అక్కడ చూడు.

ఫైల్ అసలు తెరుచుకోకపోతే లైబ్రరీని తిట్టుకునే ముందు ఎన్‌సీడంప్‌నే కే ఆప్షన్‌తో ఏ రకం ఫైలో అడుగు. పాత రకం ఫైల్ సీడీఎఫ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. కొత్త రకంలో మొదటి బైటు తర్వాత హెచ్‌డీఎఫ్ అని ఉంటుంది. హెచ్‌డీఎఫ్5 లేకుండా కట్టిన లైబ్రరీ ఆ కొత్త రకాన్ని తెరవలేదు. ఇంకోటి కూడా జరుగుతుంది: డౌన్‌లోడ్ చేసేటప్పుడు లాగిన్ గడువు తీరిపోతే, డేటాకు బదులు లాగిన్ పేజీయే ఆ పేరుతో దిగుతుంది. సైజు చూస్తేనే తెలిసిపోతుంది, కొన్ని కిలోబైట్లే ఉంటుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. మీ సీనియర్ ప్రోగ్రాంలో లైబ్రరీని పిలిచిన ప్రతి చోటా స్టేటస్ (పని అయిందో లేదో చెప్పే అంకె) తీసుకున్నారు గానీ దాన్ని చూడనే లేదు. ఫైల్ తెరుచుకోకపోయినా ప్రోగ్రాం ముందుకు పోతుంది, శ్రేణిలో ఏ చెత్త ఉంటే దాన్నే వాన అనుకుని సగటు వేస్తుంది. ప్రతి పిలుపు తర్వాత స్టేటస్ చూసి, అది నోఎర్ర్ (తప్పు లేదు) కాకపోతే స్ట్రెర్రర్ ఫంక్షన్ చెప్పే మాటను ముద్రించి ఆగిపోయేలా ఒక సబ్‌రొటీన్ రాయి. మిగతావన్నీ తర్వాత చేసుకున్నా సరే, ఇది మాత్రం ఇవాళ చెయ్యి. నీ పట్టికలను చూసి రేపు ఎవరో చెరువు గట్టు ఎంత ఎత్తు ఉండాలో లెక్క వేస్తారు.

నడిచాక కంపైలర్ వెర్షన్, నెట్‌సీడీఎఫ్‌ఎఫ్, నెట్‌సీడీఎఫ్, హెచ్‌డీఎఫ్5 మూడు లైబ్రరీల వెర్షన్లు, నువ్వు కొట్టిన లింకు వరుస ఒక ఫైల్‌లో రాసి ప్రోగ్రాం పక్కనే పెట్టు. నీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునే పిల్ల నీలాగా మూడు రోజులు ఏడవకూడదు.

సాయంత్రానికి ఆ పది వరుసల ప్రోగ్రాం చెప్పిన వెర్షన్, ఎన్ఎఫ్-కాన్ఫిగ్ చూపించిన వరుస నాకు ఫొటో తీసి పంపు. 49, 45, 288 దగ్గర ఏమి వచ్చిందో మాత్రం ఫోను చేసి చెప్పు, ఎంత రాత్రయినా సరే. ముందు అన్నం తిను.

మీ అత్త