తామర తొట్టి కారుతోందని రాసిన మా అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ పెరట్లో తామర తొట్టి నీళ్ళు రోజూ దిగిపోతున్నాయనీ, మేస్త్రి మొత్తం మళ్ళీ ప్లాస్టరింగ్ చేయించమన్నాడనీ రాశావు. తొందరపడకమ్మా. ఎక్కడ కారుతోందో తెలియకుండా ఎంత సిమెంటు పూసినా డబ్బు దండగే.

ముందు కారుతోందో, ఎండకి ఆవిరవుతోందో తేల్చుకో. తొట్టిలో ఇటుకలు పేర్చి వాటి మీద బకెట్ పెట్టు. బయటి నీళ్ళ మట్టానికి సమానంగా బకెట్‌లో నీళ్ళు పోసి, రెండింటికీ గుర్తు పెట్టు. మర్నాడు అదే వేళకి చూడు. రెండూ ఒకేలా తగ్గితే ఎండే కారణం. తొట్టిలో ఎక్కువ దిగితే కారుతున్నట్టే. ఆ రోజంతా ఫౌంటెన్ మోటారు ఆపెయ్యి. మోటారు ఆపగానే నీళ్ళు దిగడం కూడా ఆగితే తొట్టి బాగానే ఉంది, లీకేజీ పైపులోనో జాయింట్‌లోనో ఉంది. ఇది చూసుకోకుండానే చాలామంది గోడలు పగలగొట్టిస్తున్నారు, అదే నా బాధ.

తొట్టే కారుతుంటే నీళ్ళు పోయడం మానెయ్యి. ఎక్కడ దిగి ఆగాయో పగులు ఆ గీత దగ్గరే ఉంటుంది. చేపలకి నీళ్ళు చాలనంత దిగితే మాత్రం ఆగకుండా వాటిని ముందు తీసెయ్యి. నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు నాచు గీకి, గోడ పక్కనే డ్రాపర్‌తో వంటల్లో వాడే రంగు చుక్క చుక్కగా వదులు. పగులు ఉన్నచోట రంగు సన్నటి దారంలా లోపలికి పోతుంది. అది కళ్ళారా చూశాకే ఉలి పట్టించు.

మీది లాసన్స్‌బే కాలనీ, సముద్రం పక్కనే. ఉప్పు గాలికి గోడలోని ఇనుప చువ్వలు తుప్పు పట్టి, ఉబ్బి, సిమెంటుని బయటికి నెట్టేస్తాయి. పగులు చుట్టూ గోధుమరంగు చార కనిపిస్తే చువ్వ దాకా చెక్కించి, వైరు బ్రష్‌తో తుప్పంతా గీకించి, తుప్పు పట్టనివ్వని ప్రైమర్ పూయించాలి. హుద్‌హుద్ తుఫాను తరవాత మీరు నాటిన తురాయి చెట్టు ఇప్పుడు పెద్దదై ఉంటుంది, దాని వేళ్ళు గోడని తోస్తున్నాయేమో కూడా చూడు.

పగుల్ని వి ఆకారంలో వెడల్పు చేయించి, దుమ్ము కడిగి, తడిగా ఉండగానే ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్ళ ఇసుక, వాటర్‌ప్రూఫింగ్ మందు కలిపి గట్టిగా కూరించాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కలపడానికి వద్దు, కుళాయి నీళ్ళే వాడించు. గోనెసంచులు కప్పి కనీసం 7 రోజులు తడి ఆరనివ్వకు.

చేపల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. పాత తొట్టి నీళ్ళతోనే పెద్ద టబ్బు నింపి, నీడలో పెట్టి, చిన్న ఎయిర్ పంప్ ఆడించు. పొద్దున్నే మార్చు, ఎండలో వద్దు. కొత్త సిమెంటులోంచి సున్నం నీళ్ళలోకి దిగుతుంది, అది చేపల ప్రాణం తీస్తుంది. అందుకని తొట్టి నింపి, రెండు మూడు రోజులుంచి, పారబోసి, మళ్ళీ నింపు. నీళ్ళలో క్షారగుణం ఎంతుందో చెప్పే పీహెచ్ కిట్ అక్వేరియం షాపులో దొరుకుతుంది, దానితో చూస్తూ, అంకె 8.5 కంటే తగ్గేదాకా ఇలాగే చెయ్యి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఆఖరిసారి నింపాక రెండు రోజులు ఆరుబయట వదిలి, ఆ తరవాతే చేపల్ని దింపు.

ఇదంతా వానలకి ముందే అయిపోవాలి. నేల బాగా తడిశాక తొట్టి ఖాళీగా ఉంటే, కింది నీటి ఒత్తిడికి అడుగు పైకి లేచి పగిలే ప్రమాదం ఉంది.

బకెట్ పరీక్ష ఈ శనివారమే చెయ్యి. గుర్తుల ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు. అప్పటిదాకా మేస్త్రికి అడ్వాన్స్ ఇవ్వకు.

పెదనాన్న
సీతమ్మధార