ఆర్గాన్-ఆన్-చిప్ వస్తే మందుల పరీక్షల్లో జంతువుల అవసరం ఉండదా?

అవసరం తగ్గుతుంది, పూర్తిగా పోయే దశ మాత్రం ఇంకా రాలేదు. ఆర్గాన్-ఆన్-చిప్ అంటే మనిషి కణాలను పెంచి, ఒక అవయవం పనితీరును అనుకరించే చిన్న పరికరం.

ఎలుకకు పడిన మందు మనిషికీ పడాలని లేదు. మందును కాలేయం విడగొట్టే తీరు జీవికీ జీవికీ మారుతుంది. అందుకే జంతువుల్లో గట్టెక్కిన మందుల్లో చాలావరకు మనుషుల దగ్గరకొచ్చేసరికి ఆగిపోతున్నాయి. చిప్‌లో పెరిగేవి మనిషి కణాలే.

2010లో హార్వర్డ్‌లోని వీస్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చేసిన ఊపిరితిత్తి చిప్‌నే చూడండి. పెన్‌డ్రైవ్ అంత ఉండే పారదర్శకమైన సిలికోన్ ముక్క అది. లోపల చాలా సన్నటి కాలువలు, మధ్యలో రంధ్రాలున్న పల్చటి పొర. పొరకు పైన ఊపిరితిత్తి కణాలు, గాలి. కింద రక్తనాళపు కణాలు, పారే ద్రవం. పక్క గదుల్లోంచి గాలిని లాగి వదులుతుంటే పొర సాగి ముడుచుకుంటుంది, అచ్చం ఊపిరి తీసినట్టే. 2012లో ఇందులోకి ఇంటర్‌ల్యూకిన్-2 అనే క్యాన్సర్ మందు పంపితే, కొందరు రోగుల్లో జరిగినట్టే ద్రవం గాలి వైపుకు ఊరింది. ఊపిరి కదలిక తోడైతే ఆ ఊట ఇంకా పెరిగింది. కదలిక లేని గాజు పళ్ళెంలో ఇది బయటపడేది కాదు, ఈ పద్ధతి అసలు విలువ అక్కడే ఉంది.

చిప్ అన్నారు కదా అని కంప్యూటర్ చిప్ అనుకోవద్దు. అంతకంటే పెద్ద అపోహ, 2022 చివర్లో అమెరికా జంతు పరీక్షలను నిషేధించిందని. నిషేధించలేదు. తప్పనిసరి అన్న నిబంధన తీసేసి, చిప్‌ల వంటి పద్ధతుల ఫలితాలనూ చూపొచ్చంది. నెలల తరబడి వాడితే వచ్చే హాని, ఒక అవయవం నుంచి ఇంకోదానికి పాకే ప్రభావం చిప్‌లకు ఇంకా సరిగా అందడం లేదు.