ముందు ఆ దువ్వెన పంపించు

విజయనగరం

అమ్మలూ,

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. అన్నం తిన్నావా లేదు, మోకాళ్ళెలగున్నాయి లేదు. "అప్పా, గుంట జుట్టుకి రంగేయించుకుంటాదట" అంది, అంతే. తర్వాత కాసేపు ఇద్దరం ఫోన్ చెవిన పెట్టుకుని ఊరికే ఉన్నాం. ఎందుకో నీకు తెలీదు. మీ నాన్నకీ తెలీదు. "చెప్పేస్తానే" అన్నాను చివరికి. "చెప్పు, ఇంకెన్నాళ్ళులే" అంది మీ అమ్మ. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో ఇంత పొడుగు మాటాడితే నువ్వు స్పీడు పెంచి వింటావు, నాకు తెలుసు.

వద్దనడానికి నేనెవర్తిని? నీ జీతం, నీ తల. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఆడవాళ్ళ జుట్టు మీద బతుకుతున్నదాన్ని, రంగు జోలికి పోకు అంటే నా కత్తెరే నవ్వుతుంది. నిజానికి గర్వంగానే ఉంది. ఏడో తరగతిలో ఎవరో పిచ్చిక గూడు అన్నారని ఏడ్చుకుంటూ గంటస్తంభం దగ్గర నా పార్లర్ మెట్లెక్కి, "పెద్దమ్మా, దీన్ని ఇస్త్రీ చేసేయ్" అన్నావు. ఆ గుంటే ఇప్పుడు ఉంగరాలు ఉంగరాల్లాగే ఉంచి, వాటి మీద వెలుగు పడినట్టు రంగు కావాలంటోంది. మా అమ్మ జుట్టు అది. మీ అమ్మదీ అదే. నాకే రాలేదు, ఆ కుళ్ళు ఇప్పటికీ ఉంది.

కేరమెల్ అంటే ఏటని మీ అమ్మ అడిగింది. అరిసెల పాకం రంగే అన్నాను. పని కూడా పాకం లాంటిదే. నల్లటి జుట్టు బ్లీచ్‌లో ఒక్కసారిగా తెల్లబడిపోదు. ముందు ఎర్రబారుతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత బంగారం, చివరికి అరటితొక్క లోపలి పసుపు. మేం దీన్ని నంబర్లలో చెప్పుకుంటాం. నీ నలుపు ఒకటో రెండో. నీక్కావలసింది ఆరు, ఏడు దగ్గర. పది దాకా లాగనక్కర్లేదు, అంతవరకు నీ అదృష్టం. పాకం ముదిరేలోగా దింపే చెయ్యి దొరికితే చాలు.

ఆ చెయ్యి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. తడిపి, సాగదీసి, పాయలు తీసి రంగు పూసేవాళ్ళు వద్దు. ఆరి ముడుచుకున్నాక ఒకచోట గుత్తిగా, ఒకచోట మచ్చలా తేలుతుంది. జుట్టు ఆరి తన ఇష్టమొచ్చినట్టు పడి ఉన్నప్పుడు, ఏ ఉంగరం మీద వెలుగు ఆగుతోందో చూసి దాని మీదే చేత్తో పూసే పిల్లని వెతుక్కో. బాలయాజ్ అంటారు చూడు, అదే. కుదుళ్ళు ముట్టుకోరు కాబట్టి జుట్టు పెరిగినా గీత పెట్టినట్టు కనపడదు. బ్లీచ్ పొడిలో కలిపే పెరాక్సైడ్ ద్రవాన్ని డెవలపర్ అంటారు, అది ఎంతదని అడుగు. 20 వాల్యూమ్ అంటే 6 శాతం పెరాక్సైడ్, 40 అంటే 12. 40 అన్నవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయ్. డబ్బు కట్టేసి ఉన్నా సరే.

ఇప్పుడు 2002 నాటి సంగతి.

మాఘమాసంలో మీ అమ్మ పెళ్ళి. ముహూర్తానికి ఇంకా తొమ్మిది రోజులుంది. అప్పటికి నేను పార్లర్ పెట్టి ఎనిమిదేళ్ళు. విశాఖపట్నంలో రెండు వారాల కలరింగ్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి గోడకి తగిలించి నెల కూడా కాలేదు. మీ అమ్మకి అప్పుడు నడుం దాటిన జడ. పత్రికలో ఏదో బొమ్మ చూసి, ముందు వైపు నాలుగంటే నాలుగు బంగారు పాయలు కావాలంది. నాకూ చేతులు దురదగానే ఉన్నాయి. "ఇదివరకేమైనా రాసేవా?" అని అడిగాను. "గోరింటాకే కదా అప్పా, ఎప్పుడూ రాసుకున్నదే" అంది. గోరింటాకు అంటే మన పెరట్లో చెట్టు ఆకనుకున్నాను. మళ్ళీ అడగలేదు. ఇరవై దాటకుండానే కణతల దగ్గర రెండు తెల్ల వెంట్రుకలొచ్చాయని మా అమ్మ, పెళ్ళివారికి కనపడకూడదని, రెండేళ్ళుగా బజార్లో దొరికే నల్ల గోరింటాకు ప్యాకెట్ తెచ్చి నెలనెలా పట్టిస్తోందట. నాకు చెప్పలేదు. పార్లర్ ఉన్న అక్క ఇంట్లో ఉంటే ప్యాకెట్ పొడి రాసుకోవడం నామోషీ అనుకున్నారో ఏమో.

ఆకు ఒక్కటే అయితే భయం లేదు. మహా అయితే నారింజ దగ్గర మొండికేసి కదలదు. కొన్ని ప్యాకెట్లలో నలుపు రావడానికి లోహపు లవణాలు కలుపుతారు. అవి వెంట్రుకని పట్టుకుని ఉండిపోతాయి. వాటి మీద పెరాక్సైడ్ పడితే కుతకుతలాడుతుంది, వేడి పుడుతుంది. కోర్సులో చెప్పారు. నోట్సులో రాసుకున్నాను కూడా. పైగా బేగి తేలుతుందని 40 కలిపాను.

నాలుగు ఫాయిల్ కాగితాలు మడిచి, మీ అమ్మకి టీ ఇచ్చాను. టీ సగం తాగిందో లేదో, "అప్పా, చెవి దగ్గర వెచ్చగా ఉంది" అంది. వెచ్చగానే ఉంటుందిలే అన్నాను. అమ్మలూ, ఆ ఒక్క మాట నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను. ఇంకో నిమిషానికి కాగితం ఉబ్బింది. విప్పబోతే నా బొటనవేలు చురుక్కుమంది. లోపల్నుంచి కోడిగుడ్డు కుళ్ళిన వాసన, సన్నగా పొగ. సింకు దగ్గరికి లాక్కుపోయి నీళ్ళు పోశాను. వేళ్ళ మధ్య జుట్టు జుట్టులా లేదు, ఉడికిన సేమ్యాలా సాగుతోంది. సాగి సాగి నా చేతిలోకి వచ్చేసింది. నాలుగు పాయలే పోతే దాచొచ్చు. కంగారులో నేను తల మొత్తం కడిగిన నీళ్ళతో ఆ మందు పక్క పాయలకీ పాకింది. కుడివైపు చెవి కింద దాకా తెగిపోయింది. మిగతాది సమం చేయడానికి నేనే కత్తెర పట్టుకోవాల్సి వచ్చింది. రెండడుగుల జుట్టు నేల మీద. చీపురు తీయడానికి చెయ్యి ఆడలేదు నాకు.

మీ అమ్మ ఏడవలేదు. అద్దంలో చాలాసేపు చూసుకుని, "అప్పా, మరి పూలజడ ఎలగ?" అంది.

మా అమ్మ రెండు రోజులు నాతో మాటాడలేదు. మూడోరోజు తెల్లారి మమ్మల్నిద్దర్నీ బస్సెక్కించి సింహాచలం తీసుకెళ్ళింది. పెళ్ళివారితో అప్పన్నకి మొక్కు తీర్చామని చెప్దామని తనే అనుకుంది. కానీ దేవుడి పేరు మీద ఉత్త అబద్ధం ఆడకూడదట. అందుకని మెడ దాకా మిగిలిన ఆ జుట్టులోంచే మూడు కత్తెర్లు ఇప్పించింది. పెళ్ళిలో సవరం కట్టి, దాన్ని నిలబెట్టడానికి నలభై పిన్నులు గుచ్చాను. ఒక్కో పిన్నుకీ మీ అమ్మ ఉలిక్కిపడేది, నోరు మాత్రం విప్పేది కాదు. "పిల్లకి భక్తి ఎక్కువ" అని మీ నాన్నమ్మ ఊరంతా చెప్పుకుంది. ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇంత జరిగాక మీ అమ్మ ఈ ఇరవై ఏళ్ళలో నా చేతి కింద తప్ప ఇంకెవరి దగ్గరా జుట్టు కత్తిరించుకోలేదు. ఎందుకే అని నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఇంజనీరింగ్ సెకండియర్‌లో సంక్రాంతికి వచ్చినప్పుడు, మీ వంటింట్లో ఇనుప మూకుడులో నీ తలకని ఏదో నానబెట్టి ఉంది. చెట్టాకా, ప్యాకెట్టా అని మీ అమ్మని నిన్న అడిగాను. గుర్తులేదంటోంది. చూడు, మళ్ళీ అదే మాట! జుట్టు నెలకి అర అంగుళం పెరుగుతుంది. నీది సాగదీస్తే రెండడుగులుంటుంది, అంటే కొస నాలుగేళ్ళ కిందటిది. ఆ మూకుడులో ఉన్నదేదైనా ఇంకా నీ జుట్టులోనే ఉంది. కాబట్టి అపాయింట్‌మెంట్ వాయిదా వెయ్యి. ఆదివారం మీ తమ్ముడు బయల్దేరి వస్తున్నాడు కదా, వాడికి నీ దువ్వెన ఇచ్చి పంపు. దువ్వెనకి చిక్కిన వెంట్రుక కుదురు నుంచి కొస దాకా పూర్తిగా ఉంటుంది, నాకు నాలుగేళ్ళూ ఒక్కచోట దొరుకుతాయి. గాజుగిన్నెలో 20 డెవలపర్ పోసి, కొన్ని చుక్కలు అమోనియా వేసి, ఒక అరగంట నానబెడతాను. బుడగలొచ్చినా, గిన్నె వెచ్చబడినా, నీ పాకం రంగు ఆ కొసలన్నీ కత్తిరించేశాకే. నువ్వు వెళ్ళే సెలూన్‌ వాళ్ళు కూడా ఒక పాయ మీద వేసి చూడాలి. చూడం, మాకు అనుభవం ఉంది అంటే, నాకూ ఫ్రేము కట్టిన అనుభవం ఉండేదని చెప్పు. చెవి వెనక చర్మం మీద 48 గంటల ముందు చుక్క పెట్టి చూడటం సరేసరి.

మిగతావి చిన్నవి.

వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొర ఒకటి ఉంటుంది. బ్లీచ్ ఆ పొలుసులు లేపి లోపలికెళ్ళి నలుపుని తినేస్తుంది. లేచినవి మళ్ళీ మునుపటంత గట్టిగా అతుక్కోవు. అసలే ఉంగరాల జుట్టు. నెత్తి మీది జిడ్డు ఆ మెలికల్లోంచి కొసదాకా దిగదు, అందుకే అది పుట్టుకతోనే ఎండు. రంగు వేశాక మూడు రోజులు తల తడపకు. ఆ తర్వాత వారానికి ఒకటి, మహా అయితే రెండు తలస్నానాలు, సల్ఫేట్ లేని షాంపూతో, గోరువెచ్చని నీళ్ళతో. కుంకుడుకాయ మానెయ్. నాకూ బాధే, మీ అమ్మ డబ్బా నిండా కొట్టి ఉంచింది. కానీ అది ఉన్న జిడ్డంతా ఊడ్చేస్తుంది. కొబ్బరినూనె మాత్రం ముందురోజు రాత్రి పట్టించు. అది లోపలికి ఇంకి, కడిగినప్పుడు జుట్టు సత్తువ కొట్టుకుపోకుండా ఆపుతుంది.

రెండు మూడు నెలలకి రంగు ఇత్తడి చెంబులా మారుతుంది. భయపడకు, లోపలి నారింజ తొంగిచూస్తోందన్నమాట. నీ చిన్నప్పుడు యూనిఫాం పచ్చబడితే మీ అమ్మ నీలం పెట్టేది కదా, సూత్రం అదే. ఒక రంగుని దాని ఎదురు రంగు కొడుతుంది. పసుపుని ఊదా కొడుతుంది, నారింజని నీలం. కడుపు నిండా ఇంగ్లీషు వీడియోలు చూసి ఊదా షాంపూ కొనకు, అది తెల్లబారిన జుట్టుకి. నీక్కావలసింది నీలం షాంపూ, పదిహేను రోజులకోసారి, మూడు నాలుగు నిమిషాలు. వారంవారం పూస్తే పాకం కాస్తా బురద అవుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకి సెలూన్‌లో రంగు ఛాయ సరిచేసే టోనర్ వేయించుకో. మళ్ళీ బ్లీచ్ మాత్రం నాలుగు నెలల దాకా వద్దు. వేసినా, వేసిన చోటే మళ్ళీ వెయ్యనివ్వకు.

మీ హాస్టల్‌లో ట్యాంకర్ నీళ్ళా, బోరా? బకెట్ అంచు మీద తెల్ల పొక్కు కట్టిందా చూడు. కడితే అదే నీ జుట్టు మీదా కడుతోంది. నెలకోసారి ఉప్పు తీసే కీలేటింగ్ షాంపూ వాడి, వెంటనే కండిషనర్ దండిగా పెట్టు. చిక్కు కూడా ఆ కండిషనర్ ఉన్నప్పుడే తియ్యి, పెద్దపళ్ళ దువ్వెనతో, కొస నుంచి పైకి. టర్కీ టవల్‌తో రుద్దకు, పాత కాటన్ బనీనుతో ఒత్తు. వేడి మెషీన్లు ఎంత తక్కువైతే అంత మంచిది. నా పాత ధర్మవరం పట్టుచీర చిరుగు పట్టింది, దాంతో రెండు దిండుగలీబులు కుట్టించాను. తమ్ముడు తిరిగెళ్ళేటప్పుడు తెస్తాడు. జరీ వైపు లోపలికి మడిచి కుట్టాడు టైలరు, గుచ్చుకోదు.

ఇంకోటి, ఇది ఏ సెలూన్‌ వాళ్ళూ చెప్పరు. పైడితల్లి పండక్కి, సిరిమాను ముందురోజు తొలేళ్ళకి ఎలాగూ వస్తావు. ఘటం నెత్తిన పెట్టుకుంటానని పోయినేడే అన్నావు. పైడితల్లి పసుపునీళ్ళు నల్లజుట్టు మీద పడితే ఏమీ కనపడదు. బ్లీచ్ చేసిన పాయ మీద పడితే పీల్చుకుని పచ్చగా ఉండిపోతుంది. వద్దనను, అమ్మవారి దగ్గర వద్దనే నోరు నాకు లేదు. ముందే కండిషనర్ రాసి, జుట్టంతా ముడేసి గుడ్డ చుట్టి, దాని మీద పెట్టుకో. మర్నాడు సిరిమానుకి విప్పుకుని తిరుగు. కోట దగ్గర ఎండ పడినప్పుడు ఆ ఉంగరాలు ఎలగుంటాయో చూడాలని నాకూ ఉంది.

దువ్వెన మర్చిపోకు. శుభ్రంగా ఉండాలని కడిగేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. కడక్కుండా పంపు.

మీ పెద్దమ్మ