పాఠకుల ప్రశ్నలు – జవాబులు: గోదావరి మడుగులో నీటిగుర్రం

ప్రశ్న: మామత్‌లు, కత్తికోరల పులులు అంతరించిపోకుండా ఈనాటికీ బతికి ఉంటే మన ఓరుగల్లు ప్రాంతం ఎలా ఉండేది? పాకాల అడవిలో అవి తిరిగేవా? కళాశాల సైన్స్ ప్రదర్శన కోసం అటువంటి ఊహాచిత్రం గీయాలని అనుకుంటున్నాను.
– ఇంటర్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: కుంచె పట్టే ముందే మీ చిత్రంలోంచి ఆ రెండు జంతువులనూ తీసేయమని కోరుతున్నాను. ఒళ్లంతా బొచ్చున్న మామత్ చలిదేశాల గడ్డిమైదానాల్లో బతికిన జంతువు. దాని చివరి మందలు ఆర్కిటిక్ సముద్రంలోని రాంగెల్ దీవిలో సుమారు 4 వేల ఏళ్ల కిందటి వరకు ఉన్నాయి. కత్తికోరల స్మైలోడాన్ అమెరికా ఖండాలు దాటి రానే లేదు. నర్సంపేట మే నెల ఎండలో మామత్‌ను నిలబెడితే చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుందేమో గానీ దాని ప్రాణం నిలవదు. ఊహే కదా, ఏదైనా గీయవచ్చునని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఈ నేలమీద నిజంగా తిరిగి, నిజంగా కనుమరుగైన క్షీరదాలు మనకే ఉన్నప్పుడు ఊహను అక్కడి నుంచి మొదలుపెట్టడం న్యాయం.

వాటిలో మొదటిది నర్మదా లోయలో దొరికిన శిలాజాల వల్ల ఆ నది పేరే తగిలించుకున్న ప్రాచీన గజం, పేలియోలోక్సోడాన్ నమాడికస్. గోదావరి ఎగువన నాసిక్ జిల్లాలోని నాందూర్ మధ్మేశ్వర్ దగ్గర కూడా దీని అవశేషాలు బయటపడ్డాయి. నేటి మన మగ ఏనుగు భుజం దగ్గర సుమారు 3 మీటర్లు ఉంటే ఇది 4 మీటర్లు దాటేది. అంటే మామత్ కంటే కూడా పెద్దది. దంతాలు పెద్దగా వంపు లేకుండా ముందుకు సాగి ఉండేవి. నుదుటి పైభాగాన ఎముక గట్టుకట్టినట్టు ముందుకు పొడుచుకొని వచ్చేది. రామప్ప గుడి పీఠం చుట్టూ ఒకదాని వెనుక ఒకటిగా నడిచే ఏనుగుల వరుసను మీరు చూసే ఉంటారు. ఒకసారి దగ్గరగా వంగి ఆ నుదుళ్లను, వంపు తిరిగిన దంతాలను గమనించండి. ఆ శిల్పులు తాము చూసిన ఏనుగునే చెక్కారు. నమాడికస్ బతికి ఉండి కాకతీయుల గజశాలకు చేరి ఉంటే ఆ పట్టీలో నుదుటి గట్టు, వంపు లేని దంతాలు తప్పక కనిపించేవి.

అంత దేహానికి మేత ఎక్కడిదన్నది అసలు ప్రశ్న. నేటి ఏనుగు రోజుకు 150 కిలోల మేత తిని, 100 లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. జంతువు బరువు రెట్టింపైతే తిండి రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లు దాటి కొద్దిగా పెరుగుతుంది. ఆ లెక్కన చూసినా ఒక చిన్న మందకు ఏటూరునాగారం అడవి ఒక్కటే చాలేది కాదు. అది గోదావరి దాటి, ప్రాణహిత దాటి, ఋతువును బట్టి తిరుగుతూనే ఉండాలి. ఆ దారిలో ఇవాళ పత్తి చేలున్నాయి, వరి మడులున్నాయి. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఒకే ఒక్క ఏనుగు రెండు రోజుల్లో ఇద్దరు రైతుల ప్రాణాలు తీసిన సంగతి మరచిపోలేనిది. మీ చిత్రంలో నమాడికస్‌ను గీస్తే దాని ఎదుట భయంతో పరుగెత్తే మనిషిని కూడా గీయండి.

ఇక నాకు ఎంతో ఇష్టమైన రెండో జంతువు నీటిగుర్రం. అది ఆఫ్రికాదే అనుకుంటాము గానీ, హెక్సాప్రొటోడాన్ అనే జాతి నర్మద మొదలుకొని మన దేశపు నదీలోయల్లో వేల తరాలు బతికింది. కింది దవడలో ముందు పళ్లు ఆరు ఉండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. పగలంతా నీటిలో మునిగి ఉండి, చీకటి పడ్డాక గట్టెక్కి గడ్డి మేయడం నీటిగుర్రాల స్వభావం. నీళ్లు ఎండితే వాటి చర్మం పగులుతుంది, కాబట్టి మంచుయుగపు చివరి కరువులను దాటాలంటే అవి గోదావరి లోతు మడుగులను పట్టుకొనే బతకాలి. అలా బతికి 13వ శతాబ్దం దాకా వచ్చాయనుకోండి: గణపతిదేవుని కాలంలో పాకాల, రామప్ప వంటి చెరువులు నిండేసరికి వాటికి కొత్త పుట్టిల్లు దొరికినట్టే!

రైతుకు మాత్రం అది పెద్ద చిక్కు. నీటిగుర్రం అడుగున్నర వెడల్పు మూతితో గడ్డిని మొదలంటా కొరుకుతుంది. ఒక్క రాత్రిలో నారుమడి ఖాళీ అవుతుంది. అంతకంటే కష్టం, అవి ప్రతిరోజూ ఒకే బాటన నీటిలోకి దిగుతాయి. ఆఫ్రికాలో ఆ బాటలు అరిగి అరిగి కాలువలవుతాయి. మన చెరువు కట్టలేమో మట్టివి. కట్ట మీద అటువంటి బాట పడితే వానకాలంలో అక్కడే గండి పడుతుంది. కనుక ఆ ప్రపంచంలో ప్రతి చెరువుకూ తూము, మత్తడితో పాటు నీటిగుర్రం దిగడానికి రాళ్లు పరిచిన రేవొకటి కట్టవలసి వచ్చేదని, దాన్ని కాపలా కాయడం కూడా చెరువు నీళ్లు పంచే నీరటి పనుల్లో చేరేదని నా ఊహ. వాటి పేడ మితంగా పడితే చేపలకు మేలు. ఎండాకాలం నీరు తగ్గి పేడ పేరుకుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు తేలిపోతాయి. కెన్యాలోని మారా నదిలో ఇది నిజంగానే జరుగుతున్నది. చేపలు పట్టి బతికే కుటుంబాలకు ఆ ఎండాకాలాలు గడ్డుకాలాలే అయ్యేవి.

మీ చిత్రానికి నా సలహా ఇది: తెల్లవారుజామున చెరువు కట్ట, రేవు దగ్గర తడిసిన వెడల్పాటి అడుగులు, నీటిపైన రెండు చెవులు, రెండు కళ్లు మాత్రమే. జంతువంతా కనిపించనక్కర లేదు.

ప్రశ్న: ఉత్తర తెలంగాణలోనే దొరికిన ప్రాచీన క్షీరదం ఏదైనా ఉన్నదా? పిల్లలకు డైనోసార్ల గురించి చెబుతుంటాము గానీ దీని గురించి మాకే తెలియదు.
– ఉపాధ్యాయుడు, మంచిర్యాల

జవాబు: ఉన్నది. ప్రాణహిత తీరాన కోటా శిలాస్తరాలని పిలిచే జురాసిక్ రాళ్లలో కోటసారస్ వంటి భారీ డైనోసార్లతో పాటు చిట్టెలుకంత క్షీరదాల పళ్లు కూడా దొరికాయి. వాటిలో ఒకటి నకునోడాన్ పైకసియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లాలోని పైకసిగూడెం దాని పేరులో నిలిచింది. మట్టిని నీటిలో కడిగి, సన్నని జల్లెడ పట్టి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరితే గానీ ఆ పళ్లు కంటికి ఆనవు. మీ పిల్లలకు ఆవగింజను అరచేతిలో పెట్టి చూపించండి. ఆ పళ్ల పరిమాణం దాదాపు అంతే.

ప్రశ్న: అలా నిజంగా బతికి మిగిలిన జంతువు మన ఊళ్లలో ఒక్కటైనా ఉన్నదా?
– రైతు, జనగామ

జవాబు: మీ కొట్టంలోనే ఉన్నది. బాస్ నమాడికస్ అనే అడవి పశువు కూడా ఆ ప్రాచీన గజంతో పాటు నర్మదా తీరాన మేసింది. సింధు ప్రాంతపు తొలి రైతులు సుమారు 8 వేల ఏళ్ల కిందట దాన్నే మచ్చిక చేశారు. యూరప్‌లో దాని సోదరజాతికి చెందిన చివరి ఆవు 1627లో పోలండ్ అడవిలో చనిపోయింది. ఇక్కడిది మాత్రం మూపురంతో, గంగడోలుతో మీ నాగలి ముందు నడుస్తున్నది.