పొద్దుగూకాక మొదలయ్యే రోజు

చిరంజీవి తమ్ముడికి,

మూడు మతాల పండుగల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ దసరా, యూదులు ఉపవాసముండి తప్పులకు క్షమాపణ వేడుకునే యోమ్ కిప్పూర్, మొహర్రం మూడింటికీ చివర ఒకే మాట రాశావు: ‘భక్తిశ్రద్ధలతో, ఆనందోత్సాహాలతో జరుపుకుంటారు.’ అది చదివి చాలాసేపు ఆగిపోయాను.

తొలిరోజుల్లో నేనూ ఆ తప్పే చేశాను. ఒక పత్రికకు మొహర్రం గురించి రాస్తూ చివర శుభాకాంక్షలు చెప్పాను. వారం తిరగకుండానే ఒక పెద్దాయన నుంచి కార్డు వచ్చింది. కర్బలా యుద్ధంలో ప్రవక్త మనుమడు ఇమాం హుస్సేన్ ప్రాణాలు పోయిన రోజుకు శుభాకాంక్షలు ఎలా చెబుతారని అడిగారు. కోపంగా కాదు, నొచ్చుకుని అడిగారు. ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.

మరి మన ఊళ్లలో దాన్ని పీర్ల పండుగ అనే అంటాం కదా అని నువ్వు అడగవచ్చు. అంటాం. మా ఊరి పీర్ల చావిడి ముందు గుండం తవ్వేవారు. చావిడి చూసుకునే ముజావరు పీర్లను బయటికి తీసి, చింతపండుతో తోమి, కొత్త గుడ్డ దట్టీలు కట్టేవాడు. ఎత్తుకుని ఆడేవాళ్లలో సగానికి పైగా హిందువులే. మా నాయనమ్మ రొట్టెలు నలిపి, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పంపేది. రాత్రంతా గుండం చుట్టూ డప్పులు మోగేవి. పదో రోజు పీర్లను చెరువుకు తీసుకువెళ్లేవారు. వచ్చేటప్పుడు దట్టీలు విప్పేసి, పీర్లను గుడ్డలో చుట్టి, తలవంచుకుని తెచ్చేవారు. డప్పు ఆగిపోయేది. వీధి అరుగుల మీద ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకునేవారు. ఇంత దుఃఖం ఉన్న రోజును మనవాళ్లు పండుగ అన్నారంటే, ఆ మాటలో ఎంత చోటు ఉందో చూడు. నీ వాక్యంలో ఆ చోటు లేదు.

యోమ్ కిప్పూర్ 2025 అక్టోబర్ 2 ఉదయం మొదలైందని రాశావు. కాదు, 1వ తేదీ సూర్యాస్తమయంతోనే మొదలైంది. యూదులకూ ముస్లింలకూ పొద్దుగూకడంతోనే కొత్త రోజు పుడుతుంది. మన పంచాంగం సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథిని పట్టుకుంటుంది. ఆ అక్టోబర్ 2నే విజయదశమి కూడా. అక్కడ తిష్రీ నెల పదో రోజు, ఇక్కడ ఆశ్వయుజ శుద్ధ దశమి. రెండూ చంద్రుణ్ణి చూసి నడిచే నెలలే. రుతువు తప్పిపోకుండా యూదులు 19 ఏళ్లలో ఏడుసార్లు ఒక నెల కలుపుకుంటారు. మనం రమారమి 32, 33 నెలలకు ఒక అధిక మాసం వేసుకుంటాం. ఇస్లామీ లెక్కలో ఆ కలపడం లేదు. ఏడాదికి 354 రోజులు, ఒక్కోసారి 355. అందుకే ఆ ఏడాది మొహర్రం పదో రోజు జులై మొదటి వారంలోనే వచ్చింది. రంజాన్ సుమారు 33 ఏళ్లలో రుతువులన్నీ చుట్టి వస్తుంది. పాతికేళ్ల వయసులో మండుటెండల్లో రోజా ఉన్న మనిషి నలభై దాటాక చలికాలపు కురచ పగళ్లలో ఉంటాడు. ఇది పట్టికలో వేసే అంకె కాదు తమ్ముడూ, ఒక మనిషి ఒంటికి తెలిసే సంగతి. అలా రాయి.

అందుకే ముందురోజు సాయంత్రాన్ని పట్టుకో అంటాను. పస్కా అంటే యూదుల పూర్వీకులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడ్డ పండుగ, ఆ రోజుల్లో ఇంట్లో పులిసినదేదీ ఉండకూడదు. అందుకని దానికి ముందు రాత్రి వాళ్ల ఇళ్లలో కొవ్వొత్తి వెలిగించి, పులిసిన రొట్టె తునకల కోసం మూలమూలా వెతుకుతారు. పిల్లలు వెతికి పట్టేందుకు కొన్ని తునకలు ముందే దాచిపెట్టి ఉంచుతారు. పస్కాలో తినేది పులియని రొట్టె అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పిండిలో నీళ్లు పడ్డ క్షణం నుంచి 18 నిమిషాల్లో అది కాలి బయటికి రావాలి. ఆ నిమిషాల్లో చేతులు ఎంత వేగంగా కదులుతాయో రాయి, ఐగుప్తు నుంచి బయలుదేరిన వాళ్ల తొందర దానంతట అదే తెలుస్తుంది. యోమ్ కిప్పూర్‌కు ముందు సాటి మనుషుల దగ్గరకు వెళ్లి క్షమాపణ అడుగుతారు. మనిషికి చేసిన తప్పును ఆ మనిషే ముందు మన్నించాలన్నది వాళ్ల నియమం. ఇరవై అయిదు గంటల ఉపవాసం ఆ తరువాత.

ఇవన్నీ పుస్తకాల్లోనే చూడనక్కరలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయి, వాళ్లకు ప్రార్థనా మందిరం ఉంది. ముందుగా కబురు పెట్టి, అనుమతి తీసుకుని ఒక శుక్రవారం వెళ్లు. నోటుపుస్తకం సంచిలోనే ఉంచు, ఆ సాయంత్రమే మొదలయ్యే వాళ్ల విశ్రాంతిదినాన అక్కడ రాయడం మర్యాద కాదు. పొద్దు వాలకముందే చేరుకో.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య