మేనల్లుడికి సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్: సియాజా, హైరైడరా?

అన్నా, కడపలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మేనల్లుడికి 2018 మారుతి సియాజ్ హైబ్రిడ్ (ఇంజన్‌కు తోడు బ్యాటరీతో తిరిగే మోటరు ఉండే బండి) తీసుకోవాలా, 2022 టయోటా హైరైడర్ తీసుకోవాలా అని అడిగారు. రెండూ ఒకటి కావు. సియాజ్‌లో ఉండేది ఇంజన్‌కు ఊతమిచ్చే చిన్న మోటరే, ఉత్త బ్యాటరీ మీద బండి కదలదు. మైలేజీ కావాలంటే హైరైడరే. కానీ వేరియంట్ చూసుకోండి, అందులోనూ సియాజ్‌లాంటి మైల్డ్ హైబ్రిడ్ ఉంది; మైలేజీ ఇచ్చేది ఉత్త బ్యాటరీ మీద కూడా కదిలే స్ట్రాంగ్ హైబ్రిడ్.

స్ట్రాంగ్ హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. బండి నంబరు చెప్పి షోరూంలో సర్వీసు రికార్డు తీయించండి. మన ఎండకు, దుమ్ముకు అసలు భయం బ్యాటరీ వేడితోనే: వెనకవైపు గాలి లాగే జాలీలో దుమ్ము పేరుకుంటే బ్యాటరీ చల్లబడక ఆయుష్షు తగ్గుతుంది. టార్చి వేసి మరీ చూడండి. బండి కంప్యూటరుకు స్కానర్ పెట్టించి బ్యాటరీలోని బ్లాకుల (సెల్ గుంపుల) వోల్టేజీలు పోల్చండి, ఒక్కటి బాగా తక్కువుంటే వదిలేయండి. చివరగా ఏసీ ఫుల్లుగా పెట్టి కడప దగ్గరి గువ్వలచెరువు ఘాటు ఎక్కించండి. వార్నింగ్ లైటు వెలిగితే అడ్వాన్సు ఇవ్వొద్దు.